గ్లాస్గో సారు కాడికి ఇంకో గ్లాస్గో సారు

"మామా, నాయినకు నువ్వు జెప్పరాదు? గ్లాస్గోల ఆసుపత్రోళ్లు నన్ను రమ్మన్నరు. నేనడిగితే ఒద్దంటడు. నువ్వు జెప్తే ఇంటడు."

ఏందీ? గ్లాస్గోనా? ఆగాగు, జర చాయ్ తాగనియ్యి ముందుగాల. ముసఫా క్యాంపుకెల్లి రెండు బస్సులు మారి వచ్చిన, ఇంక కూసోనన్న కూసోలే, అప్పుడే మొదలువెట్టినవ్. గా ఫోనెందుకు పెట్టినవ్ నడిమిట్ల? రికార్డా? ఓహో, నేను సరే అంటే రేపు మాట మార్చకుండ సాక్ష్యమన్నట్టు. నర్సువు కావాల్సినదానివి కాదు నువ్వు, పోలీసువు కావాల్సినదానివి. పెట్టు పెట్టు, నాకేం బుగులు?

మీ నాయినకు జెప్పాల్నట. స్వప్నా, నీకో ముచ్చట జెప్త, ఇన్నంక నువ్వే అను నేను జెప్పాల్నా ఒద్దా అని. గ్లాస్గో పేరు ఇంటే నాకు ఇప్పటికి కడుపుల మండుతది. నవ్వు గూడ వస్తది, గది వేరే. మీ నాయిన ఫుజైరాకు ఎట్ల పోయిండు, ఎర్కేనా? కంపెనీ పంపింది అన్నడు గదా నీకు? మీ అమ్మకు గూడ గదే జెప్పిండు. హా. ఇను.

మా యార్డు ఐకాడ్ల, గా కార్ఖానల జాగల, ఎర్కే గదా, ఇనుప దూలాలు, ట్యాంకులు తయారు జేసేది. నేను మొదాలు ఫిట్టరు కింద జేసిన. తర్వాత మోకాళ్లు పోయినయి, ఇంటికి పంపకుంట ఆఫీసు బాయ్ జేసిన్రు. సూడు, ఏబై దాటినంక బాయ్ అయిన! చాయ్ జేసుడు, కప్పులు కడుగుడు, కాయితాలు అటియ్యి ఇటియ్యి. ఆఫీసుల తెల్లోళ్లు అయిదారుగురు ఉండె. వాళ్ల పేర్లు మనకు నోరు తిరుగయి. తిరిగినా, ఇద్దరికి ఒకటే పేరు, ముగ్గురికి ఒకటే పేరు.

మరి మన క్యాంపుల ఏం జేస్తం? రాజన్నలు ఎంతమంది లేరు? మెట్‌పల్లి రాజన్న, ధర్మపురి రాజన్న, మల్యాల రాజన్న అనుకుంటం. ఊరు పేరు పెట్టినమా, ఇగ మనిషి మొత్తం తెల్సినట్టే మనకు. గదే తీరుగ తెల్లోళ్లను గూడ ఒక్కొక్కల్ని అడిగిన, చాయ్ ఇచ్చుకుంట. సార్, యువర్ విలేజ్? అని. సిటీ అని అడగాల్నట, నాకేం తెల్సు. ఒకాయన లండన్ అన్నడు. సంబరపడ్డ, లండన్ సారు అని పెట్టిన. పదిరోజులైనంక ఫోన్ల ఇల్లు సూపిస్తే సుట్టూ గొర్లున్నయి. ఇదేం లండన్ సార్ అంటే, దగ్గరనే, రైలెక్కాలె అన్నడు. నేను నవ్విన. ఎందుకంటే నేను గూడ ఈడ ఎవలన్న అడిగితే హైదరాబాద్ అనే జెప్త. కోరుట్ల అంటే ఎవనికి ఎర్క?

ఇగ లివర్‌పూల్ సారు. క్రేనుల దిక్కు సూసేటోడు. వాడు మనిషి కాదమ్మా, వాగు! పొద్దుగాల వచ్చిండంటే నోరు మూసేది లేదు. ఎవని నడక వానికి జేసి సూపిస్తడు, మా పెద్ద సారు ముదీర్ నడక గూడ. మాది ఓడల ఊరు అనేది. ఆడ పెద్ద నది సముద్రంల కలుస్తదట, దేశదేశాలోళ్లు దిగి ఆడనే ఉండిపోయిన్రట, గందుకే వాళ్ల మాట పక్కూరోనికి గూడ సమజ్ కాదట. ఊరి నడిమిట్ల రాతి బిల్డింగులు సూపిచ్చిండు, అబ్బ, ఏం బిల్డింగులు! ఇవన్ని ఎట్ల కట్టిన్రు సార్ అన్న. ఓడలల్ల మనుషుల్ని కట్టేసి అమ్మిన్రు గంగా, ఆ పైసలతోని కట్టిన్రు అన్నడు. ఆ ఒక్కనాడు జోకు ఎయ్యలే వాడు.

ఇక్కడ కడక్ చాయ్ ఎంత ఇప్పుడు? రెండు దిర్హాములా? నేనొచ్చిన కొత్తల అర్ధ దిర్హాముకు ఇస్తుండె, కప్పు గూడ ఇంతకంటె పెద్దగుండె. సరే, ఏడున్న?

ఆ, మాంచెస్టర్ సారు. ఎల్డింగు మంచిగుందా లేదా అని పరీక్ష జేసేటోడు, సన్నగ, నెమ్మదస్తుడు. మాంచెస్టర్ అనంగనే నాకు చెవులు నిక్కినయి. ఎందుకంటే మా తాత, అంటే మీ అమ్మకు గూడ తాతే గదా, మగ్గం నేసేటోడు. మిల్లు బట్ట వచ్చి మగ్గాలు ఆగినయని, గప్పుడు భీమండి పోయి బట్ట నేసే మిషిన్లు, గా సాంచెల మీద పడ్డమని జెప్తుండె. మిల్లు బట్ట అంటే మాంచెస్టర్ బట్ట. నేను సారుతోని కొట్లాట పెట్టుకుందామనే అన్న, సార్, మీ ఊరోళ్లు మా తాత మగ్గం ఆపిన్రు అని. ఆయన పాపం ఎర్రగయ్యిండు. ఆయన నాయినమ్మ గూడ మిల్లుల సాంచెల మీదనే పనిజేసిందట, చిన్నపిల్లప్పటి సంది. ఆ సప్పుడుకు చెవులు పోయినయట. మిల్లుల ఆడోళ్లందరు నోరు తెరిచి పెదవులతోనే ముచ్చట పెట్టుకునేటోళ్లట, సప్పుడు లేకుంట. అరే, భీమండిల మా చిన్నమ్మ గూడ గంతే గదా, ఇంట్ల కూసోని గూడ పెద్దగ ఒర్రుతుండె! ఇగ ఏం కొట్లాట పెట్టుకుంట? ఆయనకు ఆనాడు చాయ్‌ల అల్లం జర ఎక్కువేసి ఇచ్చిన.

కని మాంచెస్టరోళ్లకు, లివర్‌పూలోళ్లకు పడది. ఎందుకో ఎర్కేనా? మాంచెస్టర్ సముద్రానికి దూరం. దూదొచ్చినా బట్ట వోయినా లివర్‌పూల్ రేవుల కెల్లే పోవాలె. వాళ్లేమో వసూలు జేసుడు జేసుడు గాదట. మాంచెస్టరోళ్లకు కోపమొచ్చి, నీ రేవు మాకెందుకని, సముద్రం కాడికెల్లి వాళ్ల ఊరి దాకా కాలువ తవ్విన్రు! ఓడలు పోయేటంత కాలువ, బిడ్డా. ఓడను ఊర్లెకే తెచ్చుకున్నరు. పంతమంటే గట్లుండాలె. ఇప్పటికి ఆ ఇద్దరు సార్లు ఒక్క బల్ల మీద కూసోని తిందురు గని, ఫుట్‌బాల్ ఉన్నదంటే ఒకడు ఈ రూముల, ఒకడు ఆ రూముల.

ఎడిన్‌బరా మేడం ఒకామె ఉండె. ఏ పని ఎన్నడు కావాల్నో రాసేది ఆమెనే. వాళ్ల ఊర్లె గుట్టమీద ఖిల్లా ఉంటదట, మన ఎలగందుల ఖిల్లా తీరుగ. ఊరంత వకీళ్లు, బ్యాంకులు, పుస్తకాలట. ఆమె గూడ గట్లనే, నీటు. మరి ఆమె ఊరు గురించి గ్లాస్గో సారు, ఆయన సంగతి ఇప్పుడే జెప్త, ఏం జెప్పిండో ఎర్కేనా? వెనుకట ఎడిన్‌బరాల పది అంతస్తుల మేడలుండేవట, ఇంట్ల నీళ్లు పొయ్యేదారి లేదు, పొద్దూకితే మీదికెల్లి కిటికీలకెల్లి అన్నీ, అన్నీ అంటే అన్నీ బిడ్డా, కింద బజార్ల పారబోసేటోళ్లట. నీళ్లొస్తున్నయి పైలం అని ఒర్రి! మేడం ముందలనే జెప్పిండు. ఆమె ఏం దక్కువ గాదు. అవ్, మా ఊర్లె పారబోసే ముందు చెప్తరు, గ్లాస్గోల చెప్పకుంటనే పోస్తరు అన్నది.

గ్లాస్గో సారే మా ముదీర్. పెద్ద సారు. లావు మెడ, పొట్టి చేతులు, ఎడిన్‌బరాను అనేటప్పుడు తప్ప మాట తక్కువ. చాయ్ నల్లగ ఉండాలె, పాలు సుక్క. నేను కొత్తల ఒకపాలి ఇంగ్లీష్ సార్ అన్న. కప్పు కింద పెట్టి నన్ను సూసిండు సూడు, నాకు చెమటలొచ్చినయి. నేను ఇంగ్లీషోన్ని కాదు, స్కాట్లాండోన్ని అన్నడు. నాకు సమజయ్యింది. నన్నెవలన్న కేరళోనివా అంటే నాకు గూడ గట్లనే ఉంటది. వాళ్ల ఊర్లె నది ఒడ్డుపొంటి ఓడలు కట్టేటోళ్లట, ఆయన తాత, నాయిన అందరు గదే పని. మన దేశంల పొగబండి ఇంజన్లు గూడ కొన్ని ఆడికెల్లే వచ్చినయట. నేనన్న, సార్, మా తాత భీమండి పోయిన బండి మీ తాతనే జేసిండేమో అని. నవ్వలే. నవ్వుడు తెల్వది ఆయనకు అనుకున్న.

ఇగ అసలు ముచ్చట. కరోనా జర సల్లవడ్డది. పనులు మల్ల మొదలైనయి. ఫుజైరా దిక్కు రేవు కాడ ట్యాంకుల పని దొరికింది కంపెనీకి. ఒకనాడు మెస్సుల క్యాంప్ బాస్ ఖాదర్ భాయ్, నెల్లూరాయన, నిలవడి ఫలానా ఫలానా వాళ్లు వచ్చే నెల ఫుజైరా పోవాలె, సామాన్లు సదురుకోన్రి అన్నడు. అండ్ల మీ నాయిన పేరు జెప్పిండు. నర్సయ్య, స్టోర్ హెల్పర్.

నా పానం ఆడనే పోయినంత పనైంది. ఎందుకంటవా? మీ నాయినకు షుగరు. నువ్వు నర్సువు, నీకు నేను జెప్పాల్నా? ఈ దేశం వచ్చేనాడు మా అక్క, మీ అమ్మ, బస్టాండుల నా చెయ్యి పట్టుకోని అన్నది, తమ్మీ, మీ బావ నోటికి అడ్డూ అదుపూ లేదు, నువ్వే సూస్కోవాలె అని. గంతే, ఇగ ఇరవై ఏండ్లు నేనే సూస్కున్న. ఒకటే రూము, నా మంచం కింద, ఆయనది మీద. షుగర్ వచ్చినంక కింద ఆయన, మీద నేను. పొద్దుగాల జొన్నరొట్టె, రాత్రి జొన్నరొట్టె, నా చేతులతోని చేసి పెట్టిన. రంజాన్ నెలల మస్జిద్ కాడ ఖజూరాలు పంచుతరు గదా, ఆయన జేబుల పెట్టుకొస్తడు, నేను ఆయన జేబు దులిపి తీస్త. ఒకపాలి బూట్ల దాసిండు. బూట్ల గూడ ఎతికిన. జిలేబి వాసనొస్తే నోరు తెరువుమన్న. గట్ల కాపాడిన మనిషిని ఫుజైరాల ఎవని చేతుల పెడ్తరు? ఆడికి పోతే ఏడాది గూడ బతకడని రంది వట్టుకున్నది నాకు.

మీ నాయినకు జెప్పిన, బావా నువ్వేం ఫికర్ జెయ్యకు, నేనాపుత అని. ఆయన మొఖం అదో తీరుగ పెట్టి, నీకెందుకు బామ్మర్ది, ఊకో, కంపెనీ మాట అన్నడు. పాపం భయంతోని గట్లంటుండు అనుకున్న. గదీ నా తెలివి.

ఆపాల్నంటే ముదీర్‌ను అడగాలె. గ్లాస్గో సారును నేనెట్ల అడుగుత? చాయ్ ఇచ్చేటోన్ని. ఖాదర్ భాయ్‌ని సలహా అడిగితే, గంగన్నా, ఊరికెనే అడిగితే కాదు, వాస్తా ఉండాల అన్నడు. వాస్తా అంటే ఈడ సిఫారసు లెక్క గదా, మనకు తెల్సినోడు పెద్దాయనకు తెల్సినోడు అయ్యుండాలె. నేను రాత్రంత ఆలోచన జేసిన. మన దగ్గర ఎట్ల? పట్వారీతోని పనుంటే పట్వారీ ఊరోన్ని దొరకబట్టుకుంటం. మా ఊరోడు వచ్చిండు అంటే ఎవడు కాదంటడు? ఈడ అరేబియాల గూడ గంతే, కోరుట్లోడు కనవడితే మెట్‌పల్లోడు తన పళ్లెంల అన్నం పెడ్తడు. మరి గ్లాస్గో సారుకు గ్లాస్గోడు గావాలె.

లివర్‌పూల్ సారును అడిగిన, సార్, ఈడ ఇంకెవరన్న గ్లాస్గోళ్లు ఉన్నరా అని. వాని కండ్లు మెరిసినయి. గప్పుడు నాకు సమజ్ కాలే ఎందుకు మెరిసినయో. పక్క యార్డుల సేఫ్టీ సూసేటాయన గ్లాస్గోనే, మస్తు మంచోడు, తప్పకుండ తీస్కరా గంగా, నేను గూడ ఆడనే ఉంట అన్నడు. భుజం తట్టిండు గూడ.

మీ అమ్మ పంపిన సకినాలుండె డబ్బాల. అవి పట్టుకోని, ఫ్లాస్కుల చాయ్ పోసుకోని పక్క యార్డుకు పోయిన. ఆ రెండో గ్లాస్గో సారు ఇంతెత్తు మనిషి, ఎర్రటి మొఖం, నవ్వు మొఖం. సకినం కొరికి సంబరపడ్డడు. నాకొచ్చిన ఇంగ్లీషు, హిందీ కలిపి జెప్పిన. సార్, మా ముదీర్ మీ ఊరోడే. మా బావ నర్సయ్యను ఫుజైరా పంపొద్దని మీరొక్క మాట జెప్పాలె. ఆయన, గ్లాస్గోనా? నా పక్క యార్డులనా? ఇన్నేండ్లు నాకెవలు జెప్పలేదేంది అని లేసి నిలవడ్డడు. రేపే చాయ్ యాళ్లకు వస్త అన్నడు. నేను క్యాంపుకు గాల్లె తేలుకుంట వచ్చిన. మీ నాయినకు జెప్పలే, పనైనంక జెప్పి సంబరపెడ్దామని.

వచ్చిండు. మా సారు రూములకు నేనే తోల్కపోయిన. ఇద్దరు చేతులు కలుపుకున్నరు, అది గట్టిగ. మా సారు నవ్విండు బిడ్డా! నాలుగేండ్లల నేను సూడని పళ్లు ఆనాడు సూసిన. పనైంది అనుకున్న. ఇద్దరికి చాయ్ పెట్టి తలుపు కాడ నిలవడ్డ. ఏ గల్లీ అని ఒకరు, ఫలానా గల్లీ అని ఒకరు. ఆ గల్లీల ఫలానా దుకాణం ఎర్కేనా అని, ఎర్కే అని. నాకైతే కండ్లల్ల నీళ్లొచ్చినయి. మనోళ్లు కలిస్తే గూడ గంతే గదా.

గప్పుడు మా సారు అడిగిండు, నువ్వు ఏ బడిల సదివినవ్ అని.

ఆయన బడి పేరు జెప్పిండు. గంతే. మా సారు పళ్లు లోపటికి పోయినయి. నాకేం తెలుస్తది? బడిల ఏమున్నది? తర్వాత మాంచెస్టర్ సారు జెప్తే సమజయ్యింది. మనోళ్లు మీ ఇంటిపేరేంది అని అడిగి కులం పట్టుకుంటరు సూడు, గ్లాస్గోల ఏ బడి అని అడిగి పట్టుకుంటరట. ఏ బడి అంటే ఏ చర్చి, ఏ చర్చి అంటే ఏ ఫుట్‌బాల్ జట్టు. ఊర్లె రెండు జట్లు, ఒకటి ఆకుపచ్చ, ఒకటి నీలం. తాతల కాలం సంది పగ. పెండ్లిళ్లు గూడ ఆగుతయట. మా సారు నీలం. నేను సకినాలు పెట్టి తోల్కొచ్చింది ఆకుపచ్చను.

ఇగ మొదలైంది లొల్లి. ముందుగాల నెమ్మదిగనే, ఫలానా యేడు మీరు గెలిచింది గెలుపే గాదు అని. తర్వాత కుర్చీలు వెనుకకు జరిగినయి. వాళ్ల మాట మామూలుగనే సమజ్ కాదు, కోపమొస్తే ఇంగ్లీషు అనుడే కష్టం. బల్ల గుద్దిన్రు, కప్పు ఎగిరి చాయ్ అంత డ్రాయింగు కాయితాల మీద పోయింది. ఎడిన్‌బరా మేడం లేసి తన రూము తలుపు మెల్లగ పెట్టుకున్నది. లివర్‌పూల్ సారు వరండాల గోడకు ఒరిగి నిలవడి, నా డబ్బాల సకినాలు ఒక్కొక్కటి నములుకుంట సూస్తుండు. వాడు పండుగ జేసుకుంటుండు. అన్నీ ఎర్కుండే పంపిండు ముండకొడుకు!

నాకు భయమైంది, కని నర్సయ్య ముచ్చట ఉండిపోయె గదా. నడిమిట్ల సొచ్చి, సార్ సార్, నర్సయ్య సంగతి అన్న. ఆకుపచ్చ సారు నా దిక్కు తిరిగి, ఎవడు నర్సయ్య అన్నడు! మర్చిపోయిండు. మల్ల యాదికొచ్చి, మా సారు మొఖం మీద ఏలు పెట్టి, ఆ నర్సయ్యను ఫుజైరాకే పంపు, నీకు ఎంత దూరముంటే వానికంత మంచిది అని తలుపు ధన్‌మని కొట్టి పోయిండు. నేను తెచ్చిన వాస్తా గట్ల జేసి పోయింది.

నేను నేల మీద పడ్డ చాయ్ తుడుస్తున్న, తల ఎత్తకుంట. ఖలాస్, నా నౌకరి గూడ పోయింది అనుకున్న. మా సారు అన్నడు, గంగా, వాన్ని ఎవరు తెచ్చిన్రు? నేనే సార్. ఎందుకు? ఇగ దాసేదేమున్నది, లేసి నిలవడి అంత జెప్పిన. నర్సయ్య మా అక్క మొగడని, షుగరని, నేను లేకుంటే తిండికి ఆగడని, పంపకుండ్రి సార్ అని. మీ ఊరోడు జెప్తే ఇంటరనుకున్న సార్ అని గూడ జెప్పిన.

ఆయన చాయ్ పడ్డ కాయితాలు పక్కకు పెట్టిండు. నువ్వే అడగొచ్చు గదా, నువ్వు రోజుకు మూడుమాట్ల నా రూములకు వస్తవు అన్నడు. మీరు పెద్దోళ్లు సార్ అన్న. మా ఊర్లె ఎవనికన్న ఏమన్న కావాల్నంటే మొఖం మీద అడుగుతడు, మేం ఇచ్చేది లేకుంటే మొఖం మీదనే లేదంటం, అండ్ల ఎవని మనసు నొయ్యది అన్నడు. అని, గప్పుడు అసలు మాట అన్నడు. నర్సయ్యను నేను పంపుతలేను గంగా. నర్సయ్యనే వచ్చి అడిగిండు. నువ్విప్పుడు నిలవడ్డ కాడనే నిలవడి, సార్, నన్ను ఫుజైరా పంపున్రి అన్నడు. అర నిమిషం పట్టలే. నేను సరే అన్న.

నవ్వకు! గప్పుడు నాకు నవ్వు రాలే. నా చేతుల గుడ్డ చేతులనే ఉండిపోయింది.

క్యాంపుకు పోయిన. మీ నాయిన మంచం మీద కూసోని బ్యాగు సదురుతుండు. బావా, నువ్వే అడిగినవా అన్న. అవ్ అన్నడు. ఎంత నిమ్మలంగ అన్నడో! ఎందుకు బావా అంటే ఏమన్నడో ఎర్కేనా? బామ్మర్ది, నువ్వు మంచోనివే. కని ఇరవై ఏండ్ల సంది నా జేబులు నేను సూస్కోలే, నువ్వే సూసినవ్. నాకు మనుమలు వచ్చే వయసు. నా నోట్లె ఏం బోవాల్నో నేను సూస్కుంట. నీ ముందల అంటే నీకు బాధైతదని కంపెనీ పంపిందని అందామనుకున్న. గిట్లన్నడు. నీకు గూడ గందుకే గట్ల జెప్పిండు, మీ అమ్మ నన్ను ఏమన్న అనుకుంటదని. సూడు, నామీద కోపంగ పోయేటోడు నా ఇజ్జత్ గూడ కాపాడుకుంట పోయిండు. నేను ఆ దినం అన్నం తినలే. ఏడ్చిన గూడ. ఎందుకు దాస్త, ఏడ్చిన.

బస్సు కాడికి మాత్రం పోయిన. మాట్లాడలే, రొట్టెల డబ్బా చేతుల పెట్టిన. తీసుకోని బస్సెక్కిండు. తర్వాత ఎన్ని నెలలో, నేను ఫోన్ జెయ్యలే. ఆయన జేస్తే ఎత్తలే. మీ అమ్మ అడిగితే మంచిగున్నడక్కా అని అబద్ధం జెప్తుంటి. సచ్చిండో బతికిండో నాకేం ఎర్క?

చివరికి మా సారే అన్నడు. పని మీద ఫుజైరా పోతున్న, బండిల జాగున్నది, వస్తవా గంగా అని. రాను అందామనుకున్న, నోట్లకెల్లి వస్త అని వచ్చింది. దారి పొడుగూత ఏమనుకున్ననో ఎర్కేనా? మంచంల పడి ఉంటడు, కాలు పుండయ్యి ఉంటది, బామ్మర్ది నువ్వే కరెక్టు అంటడు, నేను సరే పా అని తోల్కొస్త. గట్ల దారంత మనసుల సిన్మా సూసుకుంట పోయిన.

పోయి సూస్తే మనిషి లేడు రూముల. సముద్రం ఒడ్డుపొంటి నడవ పోయిండట. రోజూ నడుస్తడట! వచ్చిండు, సన్నగ, నల్లగ, హుషారుగ. షుగరెంత బావా అంటే సూపిచ్చిండు. నా దగ్గర ఉన్నన్ని దినాలు ఎన్నడు గంత తక్కువ లేకుండె. నాకు సంతోషమైందా? అయ్యింది. కోపం గూడ అయ్యింది, ఇరవై ఏండ్ల రొట్టె ఏమైంది మరి! నేను ఇప్పటికి అంట, ఆ రొట్టె బలమే అది, నడక గిడక ఉత్తదే అని. నువ్వు నర్సువని కాదనకు.

గంతల ఆయన రూముల ఉండే బెంగాలీ ఒకడు డ్యూటీకెల్లి వచ్చిండు, వానికి గూడ షుగరే. మీ నాయిన వాన్ని సూసి, ఆగు, జేబు సూపియ్యి అన్నడు. నా ముందలనే! వాడు మూతి ముడుసుకోని రెండు ఖజూరాలు తీసి బల్ల మీద పెట్టిండు. మీ నాయిన నా దిక్కు సూసిండు, నేను ఆయన దిక్కు సూసిన. ఇద్దరం నవ్వినం, కడుపు పట్టుకోని నవ్వినం. బెంగాలీకి ఏం సమజ్ గాలే పాపం. ఆ దినం సంది మల్ల రోజూ ఫోన్ల మాట్లాడుకుంటం.

గదీ బిడ్డా ముచ్చట. ఇప్పుడు నువ్వన్నవ్, మామా నువ్వు జెప్పు నాయినకు అని. నేను జెప్ప. జెప్పనంటే జెప్ప. నన్ను వాస్తా పెడ్తే ఏమైతది? మేమిద్దరం కూసుంటం, మంచిగ మాట్లాడుకుంటం, ఇంతల ఆయన పాత ముచ్చటొకటి తీస్తడు, నేనొకటి తీస్త, చివరికి స్వప్న ఎవరు అని అడుగుతం. నువ్వే పో. నువ్వు ఆయన బిడ్డవు, ఆయన ముదీర్ రూముల నిలవడి అడిగిన మనిషి, నీ నోట ఇంటే ఆయనకు సమజైతది. ఒద్దంటే ఒద్దనని, మల్ల అడుగు. యూనియన్ బస్టాండు కాడ ఫుజైరా బస్సు దొరుకుతది.

ఇంకొక మాట, రికార్డుల పడనియ్యి. నువ్వు పోతే నాకు బాధైతది. సెలవునాడు రెండు బస్సులు మారి వచ్చేది ఈ చాయ్ కోసం గాదు, నువ్వు ఈ కరామాల ఉన్నవని. నువ్వు పోయినంక నేనేడికి పోవాలె? సోంచాయించలే ఇంక. అయినా పో బిడ్డా, పో. సల్లగుండు. మీ నాయిన మొఖం సూసుకుంటనే అడుగు, కిందికి సూడకు.

ఏందిరా, ఏడుస్తున్నవా? లే, లే. బ్యాగు తీసుకో. యల్లా, ఫుజైరా బస్సుకు టైమైతుంది.